ఎడమ కార్నర్ అమ్మాయి

2023 జూన్. కోడూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో తుఫాను షెల్టర్ మేడమీద హాలు. అందులో సగం కబడ్డీ కోర్టుకి సరిపడా మ్యాట్లు, పదకొండు మంది అమ్మాయిలు, ఒక విజిలు, నేను. వీటన్నిట్లో పూర్తి ఫిట్‌నెస్‌తో ఉన్నది విజిలు ఒక్కటే.

నేను కబడ్డీ కోచ్‌ని. భుజం జారేదాకా కూతకెళ్ళే రైడర్‌ని. జారిన భుజానికి ఓదార్పుగా ఒక కోచింగ్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తున్నావు బాబూ?" అంటే "కోచ్‌నండి" అంటాను. "ఏ సబ్జెక్టు?" అంటారు. అందుకే ఇది రాస్తున్నాను. గుడివాడ నుంచి బండి మీద పామర్రు, మొవ్వ, మోపిదేవి దాటుకుని వారానికి నాలుగు రోజులు ఆ ఊరు వెళ్ళేవాణ్ణి. వెళ్ళేటప్పుడు వాన ఎదురొచ్చేది, వచ్చేటప్పుడు వెంటపడేది.

వేసవి టోర్నమెంట్లు అయిపోయి, వానలకి నేల బురదయ్యాక వచ్చే మూడు నెలల్ని మేం ఆఫ్ సీజన్ అంటాం. చూసేవాళ్ళకి అది సెలవు. కోచ్‌కి మాత్రం కాలు నిలవదు. సీజన్‌లో తప్పులు చూడటానికే తప్ప దిద్దటానికి టైముండదు. దిద్దే పనంతా ఈ మూడు నెలల్లోనే. సెప్టెంబర్‌లో బందర్లో జిల్లా జూనియర్ బాలికల జట్టు సెలెక్షన్లు. నేను రోజూ వారాలు లెక్కపెట్టేవాణ్ణి. లెక్కపెట్టినంత మాత్రాన వారాలు పెరగవని తెలిసీ లెక్కపెట్టేవాణ్ణి.

దిద్దాల్సిన తప్పు ఒక్కటే. కిందటి సీజన్‌లో మేం ఓడిన ప్రతి మ్యాచ్‌లోనూ పాయింట్లు ఎడమ పక్క నుంచే పోయాయి. కబడ్డీలో డిఫెన్స్ అంటే ఏడుగురి వరస. రెండు కొసల్లో ఉండేవాళ్ళు కార్నర్లు; లోపలికొచ్చిన రైడర్ కాలు దొరకబుచ్చుకోవడం వాళ్ళ పని. కార్నర్ పక్కన నిలబడేది ఇన్. వీళ్ళిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఒక్కటిగా కదలడమే చైన్. పేపర్లో రైడర్ ఫొటో వేస్తారు. చైన్‌లో వాళ్ళవి మోచేతులు పడతాయి, అదీ అదృష్టం బాగుంటే.

మా ఎడమ కార్నర్ దీవెన. పంతొమ్మిదేళ్ళు. పీత పట్టులాంటి పట్టు. కాలు దొరికితే ఇక రైడర్ ఇంటికి ఉత్తరం రాసుకోవాల్సిందే. వాళ్ళ నాన్న చేపల చెరువుల మీద పని చేస్తాడు. కూతుర్ని రొయ్యల కంపెనీలో చేర్చేద్దామనుకుంటే, సెప్టెంబర్ దాకా ఆగమని బతిమాలుకుంది. జూనియర్ వయసు ప్రకారం ఆమెకి అదే ఆఖరి ఏడాది. జిల్లా జట్టులో ఆడితే సర్టిఫికెట్ వస్తుంది, సర్టిఫికెట్ ఉంటే వ్యాయామ టీచరు కోర్సుకి స్పోర్ట్స్ కోటాలో అప్లై చేసుకోవచ్చు. లేకపోతే అక్టోబర్ ఒకటి నుంచి తలకి టోపీ, చేతికి గ్లౌజులు, రొయ్య తలకాయలు.

ఆమె పక్కన ఇన్‌గా నాగమణి. అదే ఊరు, పక్కిల్లు. కుడి కార్నర్ శిరీష. మొవ్వలో రైతు కుటుంబం, మోపిదేవిలో పిన్ని గారింట్లో ఉండి చదువుకునేది. జట్టు మొత్తంలో నన్ను భయపెట్టగలిగింది ఆ అమ్మాయే.

నేను ఫోన్లో పాత మ్యాచ్‌లన్నీ వేసుకుని చూశాను. వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి, నెమ్మదిగా. దీవెన ప్రతిసారీ అర క్షణం ఆలస్యంగా దూకుతోంది. నాగమణి చెయ్యి కదిలాకే ఈమె కదులుతోంది. ఆహా, పట్టేశాను అనుకున్నాను. చెయ్యి పట్టుకోవడం అలవాటై సొంత బుర్ర వాడటం మానేసిందన్నమాట. మందు కూడా రాసేశాను: నెల రోజులు చైన్ బంద్. ఎవరి చెయ్యి వాళ్ళదే.

మొదటి వారం అల్పపీడనం వచ్చింది. కింద గుడిసెల వాళ్ళు రెండు రోజులు షెల్టర్‌లోకి వచ్చేశారు. మా మ్యాట్ల మీద పిల్లలు పడుకున్నారు, బోనస్ లైన్ మీద ఎవరో కిరోసిన్ స్టవ్ పెట్టారు. నేను విజిలు చేతిలో తిప్పుకుంటూ మెట్ల దగ్గర అటూ ఇటూ తిరుగుతూ ఉంటే ఒక ముసలావిడ, "కూర్చోవయ్యా, నువ్వు తిరిగితే గాలి తగ్గుద్దా?" అంది. కూర్చున్నాను. గాలి తగ్గింది. ఆ క్రెడిట్ కూడా ఆవిడే తీసుకుంది.

జూలై రెండో వారంలో కాలవకి నీళ్ళొదిలారు, ఊడ్పులు మొదలయ్యాయి. నాగమణి వాళ్ళమ్మతో కలిసి నాట్ల ముఠాలో వెళ్ళిపోయింది. పది రోజులు రానంది. నేను ఇన్‌లో వేరే అమ్మాయిని నిలబెట్టి ప్రాక్టీసు నడిపించాను.

దీవెన కుప్పకూలిపోయింది. ఆలస్యంగా దూకడం కాదు, అసలు దూకడమే లేదు. రైడర్ పక్కనుంచి వచ్చి భుజం తట్టి వెళ్ళిపోతుంటే, వెళ్ళాక తల తిప్పి చూసేది. వారం రోజులు అదే వరస. ఆమె నా వైపు చూడటం మానేసింది. నేను గొంతు పెంచడం మొదలుపెట్టాను, అంటే నాకు కూడా ఏం చెయ్యాలో తెలియడం లేదన్నమాట.

శనివారం ప్రాక్టీసయ్యాక పక్కకి పిలిచాను.

"దీవెనా, సోమవారం నుంచి రిజర్వ్‌లో కూర్చో. ఎడమ కార్నర్ ఇంకొకళ్ళతో చూస్తాను."

ఏడుస్తుందేమో అని మంచినీళ్ళ సీసా కూడా పట్టుకుని నిలబడ్డాను. ఏడవలేదు.

"నాగమణి ఎప్పుడొస్తుందండి?" అంది.

"నాగమణి వస్తే ఏమవుద్ది?"

"ఏం లేదండి." నీళ్ళు తాగి, సీసా మూత బిగించి ఇచ్చి వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్న నాతోపాటే గుడివాడ వచ్చింది, అన్నం తిననివ్వలేదు. ఆదివారం సెలవు. అయినా బండి తీశాను.

నాగమణి ఊరవతల చేలో ఉంది. పన్నెండు మంది ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. నాట్లు వేసేవాళ్ళు వెనక్కి వెనక్కి నడుస్తారు కదా. నేను గట్టు మీద నిలబడి మాట్లాడదామనుకుంటే ఆమె ప్రతి వాక్యానికీ అడుగు దూరం పోతోంది. కాబట్టి ఆమె వెనక్కి, నేను గట్టు మీద ఆమె వెంట, జారుకుంటూ. కోచ్‌గా ఇంత గౌరవంగా నేనెప్పుడూ నడవలేదు.

"దీవెనని రిజర్వ్‌లో పెట్టాను," అన్నాను.

ఆమె చేతులు ఆగలేదు. "ఎందుకండి?"

"రైడర్ని చూసి కదలడం లేదు."

"చూస్తే గదండీ కదిలేది."

"అంటే?"

నాగమణి చేతిలో నారు అయిపోయింది. వెనక ఉన్న కట్ట విప్పుకుంటూ తలెత్తకుండానే చెప్పింది. "కుడి కన్ను ఆనదండీ దానికి. చిన్నప్పట్నించీ. వెలుగూ నీడా తప్ప తెలీదు. ఎడమ కార్నర్లో నుంచుంటే ఆట మొత్తం కుడేపే గదండీ. ముక్కు అడ్డం."

నేను ఒక కాలు గట్టు మీద, ఒక కాలు బురదలో పెట్టి ఉండిపోయాను. "మరి కిందటేడాదంతా ఎలా పట్టింది?"

"నేను చెయ్యి నొక్కేదాన్నండి. ఒకసారి నొక్కితే ఆగు, రెండుసార్లు నొక్కితే దూకు. మీరు చైన్ ఆపాక చాటుగా మోచేత్తో పొడిచేదాన్నండి."

ఆ చేతుల్నే నెల రోజులు విడదీశాను. సైంటిఫిక్‌గా.

"నాకు చెప్పొచ్చు కదమ్మా."

అప్పుడు మాత్రం ఆమె నడుం ఎత్తి నా వైపు చూసింది. పక్కన ఒక పెద్దావిడ వెనకపడి ఉంది. మాట్లాడుతూనే నాగమణి ఆవిడ వరసలో నాలుగు మొక్కలు గుచ్చేసింది, పక్కనుంచి ఇంకొకామె ఇంకో నాలుగు. ఆవిడ వరస మిగతావాళ్ళతో సమానమైపోయింది. గట్టు చివర గొడుగేసుకుని నిలబడ్డ మేస్త్రికి వరస తిన్నగా కనిపిస్తోంది, అతను తృప్తిగా ఉన్నాడు.

"ఇయ్యన్నీ మేస్త్రికి చెప్తామా అండి?" అంది నాగమణి.

నాకు గొడుగు లేదు గానీ, ఆ క్షణంలో ఆ చేలో మేస్త్రులు ఇద్దరు.

మర్నాడు దీవెనని బందరులో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వాళ్ళ నాన్న కూడా వచ్చాడు. డాక్టరుగారు చాలాసేపు చూసి, చిన్నప్పుడే పట్టుకుంటే బాగయ్యేది, ఇప్పుడు కళ్ళజోడు వల్ల పెద్ద తేడా రాదన్నారు. ఆడొచ్చు గానీ ఉన్న ఒక్క కన్ను జాగ్రత్త అన్నారు. కబడ్డీలో గోళ్ళు కత్తిరించుకోవాలని రూలు ఎలాగూ ఉంది; ఆ రోజు నుంచి మా జట్టులో అది రూలు కాదు, తనిఖీ. నెయిల్ కట్టర్ లేకుండా నేను షెల్టర్ మెట్లు ఎక్కలేదు.

బయటికొచ్చాక దీవెనని అడిగాను. "ఎందుకు దాచావు?"

"చెప్తే తీసేస్తారనండి."

చెప్పకపోయినా తీసేసినవాణ్ణి నేను. పక్కన నిలబడ్డ వాళ్ళ నాన్న, "ఇంక మానిపించేద్దామా సార్?" అన్నాడు. మానిపించాలని అడిగినట్టు లేదు, వద్దని నేను అనాలని అడిగినట్టుంది. సెప్టెంబర్ దాకా ఆగమన్నాను.

దిద్దుబాటు చెబితే నవ్వుతారు. ఎడమ కార్నర్‌ని కుడి కార్నర్లో నిలబెడితే చాలు, ఆట మొత్తం ఆమెకి ఎడం పక్కకి వస్తుంది, మంచి కన్ను వైపు. మూడు నెలల ప్రణాళిక, ఫోన్ నిండా వీడియోలు, చివరికి మందు ఎనిమిది మీటర్ల నడక. కాకపోతే ఆ ఎనిమిదో మీటరు దగ్గర శిరీష నిలబడి ఉంది.

"కుదరదు సార్," అంది వినీ వినగానే. "మూణ్ణేళ్ళుగా అది నా కార్నర్. నాక్కూడా సెలెక్షన్లున్నాయి."

తప్పు లేదు. కార్నర్ మారడమంటే ఎడంచేత్తో అన్నం తినడం లాంటిది. పట్టు, కాలు, దూకే వైపు అన్నీ తిరగబడతాయి. జట్టు కోసం ఆలోచించమని ఒక ఉపన్యాసం తయారుచేసుకుని వచ్చాను. మొదటి వాక్యం దగ్గరే దీవెన అడ్డుపడింది.

"వద్దండి. నాకోసం ఎవరూ మారక్కర్లేదు."

ఉపన్యాసం అక్కడే వదిలేశాను. జేబులోంచి కర్చీఫ్ తీసి శిరీషకిచ్చాను. "కుడి కన్నుకి కట్టుకుని ఎడమ కార్నర్లో నిలబడు. నేను రైడ్‌కి వస్తాను. నన్ను పట్టుకుంటే ఈ మాట ఇంతటితో వదిలేస్తా."

నా భుజం పరిస్థితి అందరికీ తెలుసు. నన్ను మా ఇంట్లో పిల్లి కూడా పట్టుకోగలదు. నాలుగు రైడ్లు వెళ్ళాను. నాలుగుసార్లూ శిరీషని తాకి తిరిగొచ్చాను. నాలుగోసారి ఆమె నేను లేని చోటికి దూకి మోకాలు గీరుకుంది.

కర్చీఫ్ విప్పి చేతిలో పట్టుకుని మ్యాట్ మీదే కూర్చుంది. కాసేపటికి దీవెనతో అంది, "ఏడాదంతా ఇలాగే ఆడావా నువ్వు?"

"నాగమణి ఉందిగా," అంది దీవెన.

శిరీష లేచి ఎడమ కొసకి వెళ్ళి నిలబడింది. "రేపట్నించి కాదు సార్, ఇప్పుడే మొదలెట్టండి. టైము లేదు."

ఆగస్టు ఎలా గడిచిందో నాకు సరిగ్గా గుర్తులేదు. వాన, అరుపులు, మోకాళ్ళకి టేపు. దీవెన మొదటి వారం అలవాటుకొద్దీ తప్పు కాలు ముందుకేసి పడేది, రెండో వారం నుంచి రైడర్లు పడటం మొదలుపెట్టారు. ఊడ్పులయ్యాక వచ్చిన నాగమణి శిరీష పక్కన ఇన్‌లో నిలబడింది. మొదటి రోజే శిరీష ఫిర్యాదు. "సార్, ఈ పిల్ల ఊరికే నా చెయ్యి నొక్కుతోంది."

"అలవాటయిపోయిందండి," అంది నాగమణి. "ఉంచేయమంటారా?"

శిరీష ఒక నిమిషం ఆలోచించి, "సర్లే, ఉంచెయ్," అంది.

సెలెక్షన్ రోజు బందరు స్టేడియంలో కోచ్‌లందరినీ తాడు అవతల నిలబెట్టారు. మాట్లాడకూడదు, సైగలు చెయ్యకూడదు. పేరు పిలిచి ఎవరి స్థానంలో వాళ్ళని నిలబెడుతున్నారు. సెలెక్టరు కాగితం చూసి, "దీవెన, లెఫ్ట్ కార్నర్," అన్నారు.

ఆ కాగితం నేను జూన్‌లో నింపి పంపింది. మార్చాలన్న సంగతే తట్టలేదు. నెయిల్ కట్టర్ మర్చిపోలేదు గానీ ఇది మర్చిపోయాను. తాడు పట్టుకుని అటూ ఇటూ నాలుగడుగులు వేశాను. అక్కడున్న కానిస్టేబులు నన్ను అనుమానంగా చూశాడు.

దీవెన కదల్లేదు. "నేను రైట్ కార్నరండి," అంది.

"ఇందులో లెఫ్ట్ అని ఉందమ్మా."

"కుడి కన్ను కనపడదండి నాకు. లెఫ్ట్‌లో నిలబెడితే పట్టుకోలేను. రైట్‌లో పెట్టి చూడండి, పట్టుకోకపోతే పంపించెయ్యండి."

పంతొమ్మిదేళ్ళు దాచిన మాట, అంతమంది ముందు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. సెలెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పక్కవాళ్ళతో ఏదో అని, చేత్తో కుడి వైపు చూపించారు. ఆ తర్వాత వచ్చిన అయిదు రైడ్లలో ముగ్గురి కాళ్ళు దొరికాయి. మూడో అమ్మాయిని పట్టుకున్నాక దీవెన వదల్లేదు, విజిలు రెండుసార్లు ఊదాల్సి వచ్చింది.

సాయంత్రం జాబితా చదివారు. దీవెన పేరుంది, కుడి కార్నర్. శిరీష పేరు లేదు. రెండు నెలల ఎడమ కార్నర్ సరిపోలేదు.

బస్టాండులో శిరీష పల్లీల పొట్లం తింటూ కూర్చుంది. నేను పక్కన కూర్చుని ఏదో ఒకటి అనాలని, "నీకింకా రెండేళ్ళు వయసుంది," అన్నాను.

"తెలుసు సార్. మీరు ఓదార్చకండి, మీకు రాదు." పొట్లం నా వైపు చాపింది. "వచ్చే ఏడాది ఫారం మాత్రం నేనే నింపుకుంటాను."

ఆ సెలెక్షన్ల తర్వాత నా పని తీరు ఒక్క విషయంలో మారింది. ఇదివరకు వీడియో చూస్తే తప్పు ఎవరిదా అని వెతికేవాణ్ణి. ఇప్పుడు, ఎవరి పని ఎవరు చేసిపెడుతున్నారో చూస్తాను. వరసలో ఖాళీ ఉంటే ఎవరో ఒకరు నింపుతారు, నాకు చెప్పరు. నేను కనిపెట్టి సరిచేసినా ఖాళీ మాయమైపోదు, ఇంకొకళ్ళ మీదికి జరుగుతుంది. ఆ ఇంకొకళ్ళు ఎవరో ముందే తెలుసుకుని, జరిపే ముందు వాళ్ళని అడగాలి. నేను శిరీషని అడిగాను. తనకి ఎంత పోతుందో మాత్రం చెప్పలేదు, ఎందుకంటే నాకూ తెలియదు. తెలిస్తే అడిగేవాణ్ణా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను, శిరీష వాళ్ళ మొవ్వ దాటేటప్పుడు మరీను.