డబ్బా మీద పెద్దరికం

పుంగనూరు నాగరత్నమ్మ చేసే పొడులు కుప్పంలో ఒక అంగడికి వెళ్తాయి. అంగడాయన ఫోనులో డబ్బా మీది నంబరు చెబితే చాలు: ఒకటంటే ఉలవల పొడి, నాలుగంటే చెనిక్కాయల పొడి.

ఆమె బావ గంగాధరానికి ఆ వరస మింగుడుపడలేదు. చెనిక్కాయలు ఆయన చేలోవి. పంక్తిలో మొదటి విస్తరి అడిగినట్టు మొదటి నంబరు తనదేనని, ఆమెకు చెప్పకుండా డబ్బాల మీది నంబరు చీటీలన్నీ మార్చి అతికించాడు. ఊళ్ల పేర్లు మార్చి జనాన్ని తిప్పలుపెట్టిన రాజుల గురించి చదివాను, మదనపల్లె నుంచి మైసూరు దాకా తిరిగాను. పొడికి పెద్దరికం అడిగిన మనిషిని మాత్రం ఈయన్నే చూశాను.

మొన్న పెట్టె మొత్తం బస్సులో తిరిగొచ్చింది. ఉలవల పొడి అడిగితే చెనిక్కాయల పొడి వచ్చిందని, ఇంకోసారి ఇట్లయితే సరుకే వద్దని అంగడాయన ఫోనులో అరిచాడు.

నాగరత్నమ్మ చీటీలన్నీ పరపరా చింపింది.

"పెద్దరికం ఇంట్లో సూపించు బావా, డబ్బా మింద యాల?"

"నన్ను సివర్లో కూర్చోబెడతావా?"

"ఆడ కూర్చునేది నువ్వు కాదు, పొడి!"

ఇప్పుడు డబ్బాల మీద వరస నంబర్లు లేవు. ఉలవలకు 'ఉల', చెనిక్కాయలకు 'చెని', పక్కన బరువు. పెట్టిన గుర్తు ఇక మార్చేది లేదంది. గంగాధరం అలిగి కాయలివ్వడం మానేశాడు. ఆమె వాటిని సంతలో కొంటోంది.