ఉప్పుపెట్టెలో బొంత

మొన్న ఆదివారం నెల్లూరులో మా అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, బాల్కనీలో టిఫిన్ క్యారియర్ గిన్నెల్లాగా ఒకదానిమీద ఒకటి అరలు పేర్చిన ఆకుపచ్చ ప్లాస్టిక్ పెట్టె కనిపించింది. కూరగాయల తొక్కలు వేస్తే వానపాములు తిని ఎరువు చేసి పెడతాయట. పెట్టె ఒక పార్సిల్లో వచ్చిందట, వానపాములు ఇంకో పార్సిల్లో వచ్చాయట, వాటి అడుగున పరవడానికి ఇటుకలా అచ్చువేసిన కొబ్బరిపొట్టు కూడా వచ్చిందట. అమ్మాయి ఆ ఇటుకను బకెట్లో నానబెట్టి, పిండి, పొడిపొడిగా విదిలించి పెట్టెలో పరిచి, పక్క బాగా కుదిరిందా నాన్నా అని అడిగింది. నేను వంగి, పెట్టెకు చెవి ఆనించాను. అమ్మాయి నవ్వింది. నవ్వకేం చేస్తుంది, నేనెందుకలా చేశానో దానికి తెలియదు.

చెప్పబోయే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. కోతలు కోయడంలో మా ఊళ్ళో నన్ను మించినవాడు లేడు. సముద్రపు తాబేలు వీపునెక్కి కృష్ణపట్నం దాకా పోయి టీ తాగి వచ్చానని చెప్పి, ఆ టీలో పంచదార తక్కువైందని కూడా చెప్పినవాణ్ణి. నేను చెప్పే ఏ కథలోనైనా సగానికి సగం నా సొంత సరుకే ఉంటుంది. ఇది మాత్రం ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే ఇందులో నేను చేర్చడానికి ఏమీ మిగల్లేదు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. తాతల నాటి నుంచీ చేపల వేట మీద బతికే ఇంట్లో పుట్టి, పడవెక్కితే కడుపులో తిప్పే దౌర్భాగ్యుణ్ణి నేనొక్కణ్ణే. అందుకని మా వాళ్ళు నన్ను ఒడ్డు మీది పనులకు వదిలేశారు. ఆ రోజుల్లో వ్యవసాయ ఆఫీసు తరఫున ఊరూరా వానపాముల ఎరువు చేసి చూపించే పని ఒకటి దొరికింది. సంగం అనే ఊళ్ళో ఒక రైతు పొలం దగ్గర పది రోజులు నేర్పించి, తడిపిన గోనెసంచిలో కాసిని వానపాములు కట్టిచ్చి, ముందు మీ ఊళ్ళో ఒక పెట్టె పెట్టి చూపించు పో అన్నారు. ఇసుక తప్ప మట్టి లేని మా ఊళ్ళో ఎరువు ఎవరికి కావాలి? నవ్వనివాళ్ళు లేరు. చోటిచ్చింది మా మేనత్త ఒక్కతే. ఇంటి ముందు నాలుగు కనకాంబరాలు పూయించుకోవాలని ఆమెకు ఎప్పటినుంచో ఆశ.

మా అత్త గురించి చెప్పాలి. అంతకు ఏడేళ్ళ ముందు మామయ్య వేటకు వెళ్ళాడు. పడవ తనంతట తానే ఒడ్డుకు కొట్టుకొచ్చింది, ఆయన రాలేదు. ఆ రోజు నుంచీ అత్త ప్రతి పొద్దుగూకే వేళ వసారాలో చాప పరిచి, దాని మీద ఆయన బొంత వేసి, తలవైపు చెంబుతో నీళ్ళు పెట్టేది. తెల్లారి ఆ బొంతను దులిపి, మడిచి, నీళ్ళు పారబోసేది. ఎందుకని అడిగినవాళ్ళు లేరు. ఆ వసారా ముందు నుంచి పోయేవాళ్ళు మాత్రం ఎవరో నిద్రపోతున్నట్టు అడుగుల చప్పుడు తగ్గించేవాళ్ళు. చిన్నపిల్లలు కూడా.

ఆ బొంత మామయ్య స్వయంగా కుట్టింది. వేట లేని నెలల్లో, అత్త పాత నూలుచీరలు పొరలు పొరలుగా పేర్చి, మామూలు దారం ఒక దారమేనా అని ఈసడించి, వల అల్లే నైలాన్ దారంతో నిలువుగా అడ్డంగా కుట్లు వేసి, రెండు కుట్లు కలిసిన చోటల్లా అలవాటు కొద్దీ ముడి కూడా వేశాడు. నడుమ ఆయన పడుకున్న గుంట ఉండేది. ఒక పక్కకు తిరిగి, ఒక మోకాలు ముడుచుకుని పడుకునేవాడు కాబట్టి ఆ గుంటకు కూడా ఒక మోకాలు ఉండేది. ఏడేళ్ళు దులిపినా, మడిచినా అది పోలేదు. చిన్నప్పుడు ఆ గుంటలో పడుకుని నేనెంత పెరిగానో కొలుచుకునేవాణ్ణి. ఆయన బట్టలు వాళ్ళూ వీళ్ళూ పట్టుకుపోగా అత్తకు మిగిలింది ఆ బొంత ఒక్కటే.

ఇక పెట్టె సంగతి. కొత్త చెక్క కొనే స్తోమత ఎవరికుంది? అత్త ఇంటి వెనక, ఎండబెట్టే ముందు చేపలకు ఉప్పు పట్టించే పాత చెక్క పెట్టె ఉండేది. మోకాలెత్తున, మనిషి కాళ్ళు చాపి పడుకునేంత పొడవు. మూడుసార్లు మంచినీళ్ళతో కడిగాను. కడ్డీ కాల్చి అడుగున బెజ్జాలు పెట్టాను, సరుగుడు చెట్ల నీడలో నాలుగు ఇటుకల మీద నిలబెట్టి, చీమలు ఎక్కకుండా ఇటుకల కింద నీళ్ళ పళ్ళేలు పెట్టాను. అడుగున కొబ్బరిపీచు, దాని మీద చింపిన కాగితాలు, సగం మాగిన పేడ, ఎండుటాకులు వేసి, నీళ్ళు చిలకరించి, చేత్తో సర్దుతూ ఉంటే అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి చూసింది.

"గేలానికి గుచ్చే ఎరలకి పక్కేందిరా అబ్బయ్యా? దిండు గూడా ఎయ్యమంటావా?"

ఆ సాయంత్రం వానపాములను అందులో వదిలితే, మర్నాటి ఉదయానికి పెట్టెలో ఒక్క పురుగు లేదు. గోడలెక్కి, అంచు దాటి, ఇటుకల మీదుగా దిగిపోయాయి. కొన్ని పళ్ళేల్లో మునిగాయి, మిగతావి ఇసుక మీద దారపు పోగుల్లా ఎండిపోయి ఉన్నాయి. మళ్ళీ సంగం పోయి ఇంకో సంచి తెచ్చాను. మళ్ళీ అంతే. ఉప్పు తాగిన చెక్క ఎన్నిసార్లు కడిగినా ఉప్పు కక్కుతుందన్న సంగతి ఉప్పులోనే పుట్టి పెరిగిన మాకెవరికీ తట్టలేదు. అత్త ఆ ఎండిన చారల వెంట వంగి నడిచి, తల ఎత్తి నా వంక చూసింది.

"చూడరా, ఒక్కటన్నా సముద్రం తట్టు పోలేదు. వాటికి తెలిసింది మీ మామకి తెలీలేదే."

ఏదో ఒకటి అని ఆ మాటను తుడిచేయాలనిపించింది. సిగ్గు కూడా ఉంది, రెండుసార్లు ఓడిపోయాను గదా. నోటికొచ్చిన అబద్ధం ఆడేశాను.

"వాటికి మనిషి వాసన కావాలంటత్తా. మనిషి పండుకున్న గుడ్డ అడుగున పరిస్తే యాడికీ కదలవంట. సంగంలో పెద్ద రైతు చెప్పినాడు."

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. మూడో సంచి తీసుకుని మర్నాడు మధ్యాహ్నం నేను వచ్చేసరికి, అత్త పెట్టెలోంచి పాత పక్కంతా తీసేసి, అడుగునా నాలుగు గోడలకూ ఆనేటట్టు మామయ్య బొంత పరిచి, దాని మీద తిరిగి అన్నీ సర్ది ఉంచింది. వసారాలో చాప గోడకు చేరేసి ఉంది. అబద్ధమత్తా, తీసెయ్ అనాలి. ఆమె చెయ్యి చాపింది, నేను సంచి ఇచ్చాను. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు చాలా రోజులు రాలేదు, ఎందుకంటే ఈసారి పురుగులు కదల్లేదు.

సరిగ్గా ఆ వారం నుంచే మొదలైంది. పట్టపగలు, గాలి పడిపోయి సరుగుడు చెట్లు కూడా సద్దు చేయని వేళ, అత్త పెట్టె పక్కన కూర్చుని చెక్కకు చెవి ఆనించి ఉండేది. నన్నూ రమ్మని సైగ చేసింది. ఆనించాను. లోపల తడిగా, మెల్లగా, ఆగి ఆగి ఒక చప్పుడు. ముక్కు దిబ్బడ పడిన మనిషి నిద్రలో గాలి తీసి వదులుతున్నట్టు. పైన కప్పిన తడి గోనె కింద అరచెయ్యి పెడితే వెచ్చగా ఉంది, ఎవరో అప్పుడే లేచివెళ్ళిన పక్క ఎలా ఉంటుందో అలా.

"ఇనబడిందా? నిద్దర పోతా ఉండాడు," అంది అత్త, గొంతు తగ్గించి.

పేడ మాగేటప్పుడు వేడి పుడుతుందనీ, వేల పురుగులు కదిలితే చప్పుడు వస్తుందనీ, మందపాటి బొంత అడ్డం ఉంది గనక చెక్కలోని ఉప్పు వాటిని తాకలేదనీ తర్వాత మా ఆఫీసరు గారు విడమర్చి చెప్పారు. బుద్ధిగా తల ఊపాను. ఒక్కటి మాత్రం ఆయన్ని అడగలేదు. నెల తిరిగాక ఒక మధ్యాహ్నం తడి చూద్దామని గోనె ఎత్తి, పైపొర పక్కకు తోసినప్పుడు, పురుగులన్నీ ఒకచోట ముసిరి ఉన్నాయి. ఒక తల, ఒక భుజం, పొడుగాటి నడుము, ముడుచుకున్న ఒక మోకాలు. ఎర్రగా, మెరుస్తూ, ఉన్నచోటే సన్నగా కదులుతూ. గుంటలో తడి నిలుస్తుంది, తడి ఉన్నచోట చేరతాయి అని ఇవాళ నాకు నేను చెప్పుకోగలను. ఆ రోజు మాత్రం గోనె మెల్లగా కప్పి, అడుగుల చప్పుడు కాకుండా వెనక్కు నడిచాను.

మూడు నెలలకు ఎరువు తయారైంది. తవ్వి తీస్తే బొంత ఏమై ఉంటుందో నాకు తెలుసు, నూలుగుడ్డను వానపాములు వదలవు. ఆ ఉదయం పార పట్టుకుని కూడా చెయ్యి ఆడక, ఇక దాచలేక చెప్పేశాను.

"అత్తా, సంగంలో ఏ రైతూ చెప్పలా. నేనే అల్లినా."

"తెలుసులేరా. నీ నోట్లోంచి నిజం వచ్చిన రోజు యాడుండాది?"

"తెలిసి ఎందుకేసినావు మరి?"

అత్త పెట్టె అంచు మీద చెయ్యి వేసి సముద్రం వంక చూసింది.

"ఏడేళ్ళు పరిచినా, మడిచినా. ఇంక పండుకోమని ఆయనకి చెప్పేదానికి నాకు నోరు రాలా. నీ అబద్ధం అడ్డం పెట్టుకోని పండబెట్టినా."

అని తనే చేతులు పెట్టి ఎరువు తోడింది. చీరల పోగు ఒక్కటి లేదు. కానీ వల దారాన్ని ఏ పురుగు తింటుంది? నిలువు కుట్లు, అడ్డం కుట్లు, వాటి ముడులు అన్నీ ఉన్నవి ఉన్నట్టే పైకి వచ్చాయి. గుడ్డ లేని ఆ కుట్లను రెండు కొసలూ పట్టుకుని ఎత్తేసరికి అది వల అయి కూర్చుంది. నడుమ కొద్దిగా జారి, ఖాళీగా. అత్త దాన్ని ఒడ్డున వల దులిపినట్టు రెండుసార్లు దులిపి, ఎరువంతా రాల్చి, అంచుకు అంచు కలిపి మడిచి చూరులో పెట్టింది. ఆ సాయంత్రం నేను కావాలనే అక్కడక్కడే తచ్చాడాను. దీపాలు పెట్టారు. చాప గోడ దగ్గర నుంచి కదల్లేదు.

కనకాంబరాలు పూశాయి. ఎంతగా పూశాయో చెబితే మళ్ళీ కోతలంటారు, వదిలేస్తాను. అత్త పోయినప్పుడు ఆడవాళ్ళు చూరులోంచి ఆ దారాల మడత తీసి ఆమె మీద కప్పారు. ఎవరు చెప్పారో, ఎలా తెలుసో నాకు తెలియదు.

ఇప్పుడు మా ఊళ్ళో బొంతలు కుట్టేవాళ్ళు లేరు. వేట లేని నెలల్లో మగవాళ్ళు ఫోన్లు చూసుకుంటారు, పాత చీరలు గిన్నెలవాడికి పోతున్నాయి. అమ్మాయి పెట్టెకు చెవి ఆనిస్తే నాకేమీ వినబడలేదు, పార్సిల్లో వచ్చిన పురుగులు ఇంకా ఊరికి అలవాటు పడలేదేమో. భోజనం చేశాక కాసేపు నడుం వాల్చమని దాని ఫోము పరుపు మీద పడుకోబెట్టింది. హాయిగానే ఉంది, కాదనను. లేచి కాళ్ళు కింద పెట్టి, ఎందుకో వెనక్కు తిరిగి చూశాను. నేను పడుకున్న గుంట మెల్లగా పైకి లేస్తోంది. చూస్తూ ఉండగానే చదునైపోయింది, అక్కడ ఎవరూ పడుకోనట్టే.