సీసం సారు

మొయినాబాద్ చౌరస్తాలో చాయ్ గ్లాసులు ఈమధ్య మరీ చిన్నవైపోయాయి. మీసం కూడా తడవదు. పోయిన వారం ఈ సంగతి మీదే హోటల్ వాడితో తగువు పెట్టుకుంటుంటే, చిల్కూరు ఆటో నడిపేవాడు వచ్చి, "తాతా, మీ ఎదురింటి సారు పోయిండంట. పొద్దుగాల్ల గుండె ఆగిందంట" అన్నాడు. చాయ్ అక్కడే వదిలేసి వచ్చాను.

ఆయన మట్టికి, అదే అంత్యక్రియలకు, ఊరు ఊరంతా కదిలింది. నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా అని ఆ ఏడుపుల మధ్య కూడా నాకు కుళ్లు పుట్టింది.

ఆయనది కోస్తా వైపు. భార్యకు సిటీలో కంప్యూటర్ ఉద్యోగం. ఊళ్లో అందరూ ప్లాట్ల ధరలు, కంప్యూటర్ కోర్సులు తప్ప వేరే మాట ఎత్తని రోజుల్లో, ఈయన ఒక ల్యాబులో కూర్చుని, ఒంట్లో చేరిన సీసం, పాదరసం లాంటి విషాలను పట్టి బయటికి లాగే మందు తయారుచేసేవాడు. నేను ఆరో తరగతి రెండుసార్లు చదివి ఆపేసినవాణ్ణి. ఒకరోజు ఆ పని వివరిస్తే, "అయితే సారూ, నువ్వు పాత ఇనుము, కబాడీ సామాన్లు ఏరేటోనివన్నట్టు" అన్నాను. అరుగు మీదివాళ్లంతా నవ్వారు. ఆయన ఇంకా గట్టిగా నవ్వి, "అంతేనండీ! కాకపోతే మా తక్కెడ కంటికి కనబడదు" అన్నాడు. నాకు రావాల్సిన నవ్వులన్నీ ఎగరేసుకుపోయాడు. నా కడుపుమంట అక్కడ మొదలైంది.

మా ముసల్దానికి ఆ ఏడాది ఒంట్లో బాగుండేది కాదు. పొట్టలో మెలిపెట్టే నొప్పి, రక్తం తక్కువ, చేతిలో చెంబు నిలిచేది కాదు. ఎవరికి చూపించినా గ్యాస్ అన్నారు. ఒక సాయంత్రం, మా అల్లుడు కొత్త మొబైల్ పట్టుకుని సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు ఎక్కే తీరు నేను నటించి చూపిస్తే, చాన్నాళ్లకు నోరారా నవ్వింది. గేటు దగ్గర సారు ఆగిపోయాడు.

"పెద్దమ్మగారూ, ఇంకోసారి నవ్వండి."

"ఏంది సారూ, నా పెండ్లాన్ని నా ముంగటనే నవ్వుమంటున్నవ్?"

ఆయన వినిపించుకోలేదు. ఆమె చిగుళ్ల మీద నీలిగీత చూశాడు. సిటీ దవాఖానలో రక్తం చూపిస్తే సీసమని తేలింది. నవ్వించింది నేను, పేరు ఆయనకు.

సీసం ఎక్కడిదంటే, మా ముసల్దానికి వాళ్లమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నెది. ఏటా కళాయి వేసేవాడు వచ్చి తళతళా మెరిపించిపోయేవాడు. స్టీలులో పచ్చిపులుసుకు రుచి రాదని, అందులోనే చింతపండు రాత్రంతా నానబెట్టేది. సారు ఆ కళాయి గీకి పరీక్ష చేయిస్తే తగరంలో సీసం కలిపారని తెలిసింది. పులుపుకు అది కరిగి దిగుతోందట. ఆ గిన్నె అమ్మేద్దామని పెళ్లయినప్పటి నుంచి మొత్తుకున్నాను, నా మాట చెవిన పడలేదు. ఆయన ఒక్కసారి అన్నాడు, తీసి బయట పెట్టింది.

దవాఖానలో క్యాప్సూల్స్ రాశారు. విప్పితే మురిగిన గుడ్డు వాసన. తిట్టాను, బతిమాలాను, చివరికి కాళ్లు పట్టుకున్నాను. "సస్తే సస్త గానీ గిది మింగ" అని గోడ వైపు తిరిగింది. ఇక నాకు దక్కదనుకున్నాను.

సారు వచ్చి గడప మీద కూర్చున్నాడు. "ఆ వాసన గంధకానిదమ్మా. సీసాన్ని పట్టేది ఆ గంధకమే. వాసన పోతే మందుకు చేతులు పోయినట్టే." ఆమె ముక్కు మూసుకుని మింగింది. "మంచిగ చెప్తే ఇననా బిడ్డా" అంది, నీళ్ల గ్లాసుతో నిలబడ్డ నన్ను చూస్తూ.

తను తయారుచేస్తున్నది ఇంతకంటే మంచిదవ్వాలని ఆయన పట్టుదల. "పట్టుకోవడం ఎవరైనా పట్టుకుంటారు పెద్దాయనా, ఏది వదలాలో తెలియాలి" అనేవాడు. ఎముకల్లో సున్నాన్ని, రక్తంలో ఇనుమును ముట్టుకోకూడదట. పట్టిన సీసాన్ని ఒంట్లోంచి పోయేదాకా వదలకూడదట. దారిలో మెదడు దగ్గర జారవిడిస్తే మొదటికే మోసమట. ఎలుకలకు ఇచ్చి చూసిన మందు పనిచెయ్యని రోజు, పెట్రోలున్నా స్కూటర్ తోసుకుంటూ వచ్చేవాడు. ఆ రోజు మాత్రం నేను ఏడిపించేవాణ్ణి కాదు. ఆ మందు పూర్తి కాకుండానే పోయాడు.

మా ముసల్ది లేచి తిరిగింది. బిందె ఎత్తింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆయనకు స్టీలు గిన్నె నిండా పచ్చిపులుసు. నాకు అడుగున మిగిలింది. పైగా మోసుకుపోయేది నేనే!

ఇక చెప్పక తప్పదు. ఆయన ఇంటి గేటు పక్కన ఆగి, జేబులోని కారప్పొడి పొట్లం విప్పి అందులో కలిపేవాణ్ణి. సారు అక్కడే నిలబడి గిన్నె ఎత్తేవాడు. ముక్కు ఎర్రబడేది, కళ్ల వెంట నీళ్లు కారేవి. "అమృతమండీ పెద్దమ్మగారూ!" అని మా వాకిట్లోకి కేకేసేవాడు. ముసల్ది మురిసిపోయేది.

ఒక ఆదివారం నాకు జ్వరం. ఒళ్లు తూలుతూ గిన్నె ఇచ్చాను, కారం సంగతే మరిచిపోయాను. సారు ఒక గుక్క తాగి ఆగాడు. మా ఇంటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఏం పెద్దాయనా, ఒంట్లో బాలేదా? ఇవాళ మీరు కారం వెయ్యలేదు."

మిగతాది గిన్నె అంచు మీదుగా నన్నే చూస్తూ, నవ్వుకుంటూ, మెల్లగా తాగాడు.