వాసన పోయాక మిగిలింది

నా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలో ముసురు పట్టిందంటే మా ఇంట్లో రెండు బాధలు. ఒకటి ఆరని బట్టలు, రెండోది మా మేనత్త కుక్క.

మేనత్త అంటే మా బాపు చెల్లెలు. మహేశ్వరంలో అత్తగారింట్లో దెబ్బలు తిని తిని, ఒకరోజు తన కుక్కను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. అప్పటికే ఆ కుక్క ముసలిది. ఎండాకాలమంతా వాకిట్లోనే పడుకునేది గనుక ఎవరికీ అడ్డం రాలేదు. వానలు మొదలయ్యాక మేనత్త దాన్ని లోపలికి తెచ్చి, ముందరి గదిలో గోనెసంచి మీద పడుకోబెట్టింది. పాపం, అది ఆపుకోలేక నేలకు పరిచిన షాబాదు బండల మీదే ఉచ్చ పోసేది. మా అమ్మ పొద్దునా సాయంత్రం ఫినాయిల్ చల్లేది. ఆ తేమలో ఫినాయిలూ మూత్రమూ కలిసి గది ఇంకా గుప్పుమనేది. కుక్క మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళి అక్కడే పోసేది.

అట్లాంటి రోజున కందుకూరు నుంచి మా పెద్దబాపు, అంటే మా బాపు అన్న, వచ్చాడు. గడప దాటగానే కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. మంచం మీద కూర్చుని, మేనత్తకు వినబడేలాగే మా బాపుతో అన్నాడు.

"ఇది ఇల్లా, దొడ్డా? నలుగురొచ్చే ఇల్లు. ఆ కుక్కను నా బండిల ఎక్కించు, యాడనన్న ఇడిసిపెడ్త."

మా బాపు తల వంచుకున్నాడు. అన్న మాటకు ఎదురు చెప్పడం ఆయనకు అలవాటు లేదు.

మేనత్త వంటింట్లోంచి వచ్చి గది మధ్యలో నిలబడింది. కొంగు నడుముకు దోపుకుంది.

"వాసనొస్తె వాసన తీయాలె గని, కుక్కనెందుకు తీస్తవన్న? నేను తీస్త. మళ్లొచ్చి సూడు."

పెద్దబాపుతో అంత గట్టిగా మాట్లాడిన మనిషిని నేను చూడడం అదే మొదలు.

ఆయన వెళ్ళాక ఆమె ఫినాయిల్ సీసా తీసి బయట పెట్టేసింది. మోకాళ్ళ మీద వంగి, బండ బండకూ ముక్కు ఆనించి వాసన చూసింది. నాకు నవ్వొచ్చింది. "నవ్వకు బిడ్డ. యాడున్నదో తెలువకుంట ఏం కడుగుతం?" అంది. వాసన బండల మీద కంటే వాటి సందుల్లోనే ఎక్కువ ఇంకిందని అట్లా తెలిసింది. ముందు చన్నీళ్ళతో కడిగి, పాత చీర గుడ్డతో తడినంతా అద్ది తీసింది. మా అమ్మ నిమ్మకాయలు తెచ్చిస్తే వద్దంది. పులుపు తగిలితే షాబాదు బండ తెల్లగా మచ్చ పడుతుందట. వంట సోడాను కొంచెం నీళ్ళతో ముద్దచేసి సందుల్లో నింపింది. అది ఎండాక నేను కొబ్బరిపీచుతో తోమితే, ఆమె మళ్ళీ కడిగి తుడిచింది.

ఆరబెట్టాలంటే ఎండ ఎక్కడిది? కుంపట్లో బొగ్గులు రాజేసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, గది మధ్యలో పెట్టింది. తడి ఉన్నంతసేపు వాసన లేచి వస్తూనే ఉంటుందని, ఆరబెట్టడమే అసలు పనని చెప్పింది. గోనెసంచి పారేసి పాతగుడ్డలు పరిచి, తడిసినప్పుడల్లా మార్చేది. కుక్కను మాటిమాటికీ బయటికి తీసుకుపోయేది. గొడుగు దాని మీద పట్టి తాను తడిసేది. వాసన ఒక్కరోజులో పోలేదు. ఆమె కూడా వదిలిపెట్టలేదు.

ముసురు వెలియకముందే పెద్దబాపు మళ్ళీ వచ్చాడు. కండువా ముక్కు దాకా తెచ్చి ఆగిపోయాడు. గాలి పీల్చాడు. మంచం కిందికి వంగి చూశాడు. మూలన కుక్క నిద్రపోతోంది. గదిలో బొగ్గుల వాసన తప్ప ఇంకేమీ లేదు. మా అమ్మ చాయ్ ఇస్తే సగం తాగి, మెల్లగా అన్నాడు.

"అయినా సరే, దాన్ని పంపియ్యి. అది ఈడుంటె దాన్ని ఇడిసిపెట్టి ఈమె మళ్ల అత్తగారింటికి యాడ పోతది?"

మేనత్త నవ్వింది. చేదుగా కాదు, నిజంగానే నవ్వింది.

"గిదా నీ మనసులున్నది? గట్ల చెప్పు మరి. అది పోదన్న. నేను గూడ పోను."

అప్పుడు మా బాపు తలెత్తాడు. "చెల్లె ఈడనే ఉంటదన్న. నువ్వు చాయ్ తాగు," అన్నాడు.

వాసన ఉన్నంతకాలం ఆయనకు తన చెల్లెలి వైపు నిలబడడానికి మాట దొరకలేదనుకుంటాను. అది పోయాక అన్న అడుగుతున్నదేమిటో ఆయనకు తేటగా కనబడింది. ఆ చలికాలంలో కుక్క చనిపోయింది. మేనత్త మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ ఇంట్లోనే ముసలిదైంది, అక్కడే కన్నుమూసింది.

నేను పెద్దయ్యాక అంగన్‌వాడీ టీచరునయ్యాను. చేపలు పట్టేవాళ్ళ పిల్లల దగ్గర నీచు వాసన వస్తోందని, వాళ్ళను వేరే చాప మీద కూర్చోబెట్టమని కొందరు తల్లులు నా మీదికి వచ్చారు. నేను వాదించలేదు. గుమ్మం దగ్గర బకెట్టూ సబ్బూ పెట్టి, వచ్చిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ చేతులు కడిగించాను. అయినా ఆ తల్లులు మళ్ళీ వచ్చి వేరే చాపే అడిగారు. "ఇంకేం అడ్డమొస్తున్నదో నా ముంగట చెప్పుండ్రి" అన్నాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెనక్కి మళ్ళారు. పిల్లలంతా ఒకే చాప మీద కూర్చుని అన్నం తిన్నారు.

ఎవరినైనా బయటికి నెట్టడానికి ఎవరైనా ఒక కారణం చెబితే, ముందు ఆ కారణాన్ని శుభ్రంగా కడిగేస్తాను. ఆ తర్వాత ఎదురుగా నిలబడి, ఇంకేమంటారో వింటాను. ఉద్యోగం మానేశాను గాని ఆ పని మానలేదు. మానను కూడా.