వెనక చక్రాల దగ్గర చప్పుడు

తువోవికి భయపడటం కొత్త కాదు. ఊరి బడిలో ఎన్నో ఏళ్లుగా వంట చేస్తున్నా, బఠాణీ సూప్ పొయ్యి మీద ఉన్నంతసేపూ అడుగంటుతుందేమోనని గరిట వదిలేది కాదు. ఇంటికి తాళం వేసి, సగం దారి పోయి, వేశానా లేదా అని వెనక్కి వచ్చేది. అలాంటి మనిషి ఆ మే నెలలో కారు కిందికి దూరిందంటే దానికి కారణం తౌనో వెన్నెముక.

తౌనో ఆమె భర్త, దుంగల లారీ నడిపేవాడు. చలికాలం చివర్లో మంచు గడ్డకట్టిన మెట్ల మీద జారి వెన్నుపూస విరగ్గొట్టుకున్నాడు. కయానీ పట్నం ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, ఇక ఇంటికి తీసుకెళ్లొచ్చన్నారు. "కుదుపులు మాత్రం తగలనివ్వకండి" అని నర్సు చెప్పిన మాట తువోవి చెవుల్లో ఉండిపోయింది. మంచు కరిగే రోజులు కావడంతో రోడ్డు ఒకచోట ఉబ్బి, ఒకచోట కుంగి ఉంది. వాళ్ల పాత వోల్వో స్ప్రింగులు ఎప్పుడో చతికిలబడ్డాయి. షాక్ అబ్జార్బర్లలో నూనె కారిపోయి, ప్రతి గుంటకీ బండి కడుపు నేలకు తగిలేది. ఆసుపత్రి బండిలో రమ్మంటే తౌనో ససేమిరా అన్నాడు. ఊళ్లో మెకానిక్ జూన్‌లో వచ్చే నడివేసవి పండగ అయ్యేదాకా ఖాళీ లేదన్నాడు. దాంతో తువోవి తనే కొత్త స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ తెప్పించింది. గతుకుల రోడ్లకు పనికొచ్చే కాస్త గట్టి రకం. తౌనోకు మాత్రం చెప్పలేదు.

పక్కింటి ఇర్యా దగ్గర షెడ్డూ, సామాన్లూ ఉన్నాయి. ఆమె భర్త బతికున్నప్పుడు గడ్డకట్టిన చెరువుల మీద కార్ల పందేలకు పోయేవాడు.

"ఎప్పుడైనా చక్రం మార్చావా?" అని అడిగింది ఇర్యా.

"పక్కన నిలబడ్డాను."

"నిలబడి?"

"టార్చి పట్టుకున్నాను."

"భేష్. ఇవాళ టార్చి నేను పట్టుకుంటాలే" అంది ఇర్యా.

ముందు చక్రాల స్ప్రింగుల దగ్గర తువోవికి అసలు భయం పట్టుకుంది. వాటిని రెండు పెద్ద క్లాంపులతో నొక్కిపెట్టి, ఆపైన నట్టు విప్పాలి. "దాని ఎదురుగా నిలబడకు! ఊడిందంటే ఆ తలుపు చీల్చుకుని పోతుంది" అని ఇర్యా అరిచింది. తువోవి పక్కకు జరిగి ఇటు కాస్త, అటు కాస్త బిగిస్తూ పోయింది. ఇనుము మూలిగింది. కళ్లు మూసుకుని నట్టు విప్పింది. ఏమీ కాలేదు. బెంచీ మీద కూలబడి చల్లారిన కాఫీ తాగింది.

వెనక పని తేలికే అనిపించింది. స్ప్రింగు బయటికి రావడానికి చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్ బోల్టులు వదులు చేసింది. కొత్తవి పెట్టాక, బండి ఇంకా స్టాండ్ల మీద గాల్లో ఉండగానే, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించింది. ఊడిపోతాయన్న భయంతో మళ్లీ బిగించింది.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడే వెనక నుంచి కిర్రుమని చప్పుడు వినబడింది. కొత్తవి కదా, సర్దుకుంటాయిలే అనుకుంది. అనుకుందే కానీ, ఆ చప్పుడే వింటూ రేడియో పెట్టలేదు.

తిరుగు ప్రయాణంలో తౌనోను ముందు సీటు వాల్చి దిండ్ల మధ్య పడుకోబెట్టింది. ఉబ్బు వచ్చినప్పుడల్లా కిర్ర్, ఆ వెంటనే ఒక మొద్దు దెబ్బ. తౌనో తలుపు పైన పిడిని గట్టిగా పట్టుకున్నాడు.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"తౌనో!"

"రోడ్డు చూసి నడుపు."

ఓరకంట చూస్తే అతని నుదుటి మీద చెమట కనిపించింది. తువోవి వేగం తగ్గించింది. తనే మొగుణ్ణి చేజేతులా కుంటివాణ్ణి చేస్తున్నానా? దుంగలు పేర్చిన ఖాళీ జాగా కనబడగానే బండి పక్కకు తీసి ఆపేసింది.

"ఏమే ముసలీ, షాక్ అబ్జార్బర్లు ఎవరు మార్చారు?" అన్నాడు తౌనో, మెల్లగా.

"నేనే. తిట్టేదేదో ఇంటికెళ్లాక తిట్టు. ముందు ఇది చెప్పు. చక్రం ఊడుతుందా?"

"నువ్వా?"

"చక్రం ఊడుతుందా లేదా?"

"ఊడదు. వెనక ఆర్మ్ బోల్టులు బండి గాల్లో ఉండగానే బిగించేశావా?"

"మరి ఎక్కడ బిగిస్తారు?"

తౌనోకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. "నవ్వించకే తల్లీ, చచ్చిపోతాను! ఆ కీళ్ల దగ్గర బోల్టు చుట్టూ రబ్బరు బుష్షులుంటాయి. బండి తన బరువు మీద నిలబడ్డాక బిగించాలి. లేకపోతే రబ్బరు మెలితిరిగిపోయి, కదలడానికి మొరాయిస్తుంది. నేనూ ఒకప్పుడు అదే పని చేశాను, మా నాన్న బండికి."

ఇర్యా సామాన్లన్నీ డిక్కీలోనే ఉన్నాయి, ఏదన్నా అయితేనో అని తువోవి వేసుకొచ్చినవి. అందులో మందపాటి చెక్కలూ ఉన్నాయి. కిందికి దూరే జాగా కోసం వెనక చక్రాలు వాటిపైకి ఎక్కించి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ముందు చక్రాల దగ్గర రాళ్లు పెట్టి, ఆ బురదలో వెల్లకిలా పడుకుంది. పైన బండి, బండిలో మొగుడు.

"వదులు చెయ్యి, అంతే. ఊడదీయకు!" తౌనో గొంతు కిటికీలోంచి వచ్చింది.

"ఊడదీస్తే?"

"ఊడదీయకు అన్నానా!"

బోల్టు కదిలింది. పైన ఏదో టక్కుమని, బండి కాస్త కిందికి దిగింది. తువోవి కెవ్వుమంది.

"ఏమైంది?"

"దిగింది!"

"దిగాలి. అదే కావాలి. ఇప్పుడు బిగించు."

ఆమె నాలుగు బోల్టులనూ అలాగే వదులు చేసి, బిగించి, నిలువెల్లా బురదతో బయటికి వచ్చింది.

ఆ తర్వాత కిర్రు లేదు. దెబ్బలు మెత్తబడ్డాయి కానీ పోలేదు, కొత్త స్ప్రింగులు గట్టివే మరి. ఊరి దగ్గర పెద్ద ఉబ్బు మీద తౌనో మళ్లీ మూలిగాడు. తువోవి బ్రేకు తొక్కబోయింది.

"పోనివ్వు. ఆ తప్పు రోడ్డుది, నీది కాదు" అన్నాడు.

ఇంటికి చేరి అతన్ని మంచం మీద సర్దాక, రేపు టైర్ల షాపులో చక్రాల అలైన్‌మెంట్ చూపిస్తానని మాటిచ్చింది. తర్వాత పానా తీసుకుని వాకిట్లోకి వెళ్లింది.

"ఏం చేస్తున్నావు అక్కడ?" తౌనో లోపలి నుంచి కేక వేశాడు.

"వీల్ నట్లు చూస్తున్నా."

"ఊడవు, లోపలికి రా."

"ఒక్క చక్రం మిగిలింది" అంటూ తువోవి వంగింది.