విరిచి చూసే చేతులు

తెల్లారగానే కొట్టు షట్టర్ ఎత్తి, ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు ఒక బన్ను, ఒక గ్లాసు టీ. పెద్దమ్మ పొద్దు అలా మొదలవుతుంది. బన్నును తిన్నగా నోటి దాకా తీసుకెళ్లదు. ముందు రెండుగా విరుస్తుంది, లోపలి మెత్తదనంలోకి బొటనవేలు గుచ్చుతుంది, అప్పుడు తింటుంది. జైలు నుంచి వచ్చేనాటికి ఆమె జుట్టు నల్లగా ఉండేది. ఇప్పుడంతా తెలుపే, అలవాటు మాత్రం పోలేదు. బయటి నుంచి వచ్చిన ఏ తిండినైనా అక్కడ అలా విరిచి, గుచ్చి చూశాకే చేతికిచ్చేవారు.

ఆ వీధిలో ఆమెను అందరూ ఇస్త్రీ పెద్దమ్మ అనే అంటారు. కొట్టు మీద ఒక గది ఉంది. జైలు నుంచి విడుదలై, మొగుడి అండ లేక, అద్దెకు ఇల్లు దొరకక తిరిగే తల్లులకు ఆ గది ఇస్తుంది. కింద కొట్లో పని నేర్పుతుంది. పిల్లల్ని తిరిగి తెచ్చుకుని కాస్త నిలదొక్కుకునేదాకా పొమ్మనదు. ఎవరేం చేసి లోపలికి వెళ్లారో అడగదు. చొక్కాకు కాలరు ముందా, చేతులు ముందా అని మాత్రం ప్రాణాలు తీస్తుంది.

ఈమధ్య వచ్చిన మనిషి పొడుగరి, మాట తక్కువ. ఆమెను జైలుకు తీసుకెళ్లేనాటికి కూతురికి అప్పుడే అడుగులు వస్తున్నాయి. ఇప్పుడా పిల్ల బడికి వెళ్తోంది. మొగుడు అంతకుముందే మొహం చాటేశాడు. పిల్లను అతని చెల్లెలు పెంచింది. పిల్లల సంక్షేమం చూసే ఆఫీసరమ్మ ఖరాఖండిగా చెప్పింది: పిల్ల తల్లి దగ్గర ఒక పూట గడిపి, ఉంటానంటే పంపుతారు. ఉండనంటే అత్త దగ్గరే. ఆ తర్వాత ఏడాది దాకా ఆ ఊసెత్తరు.

ఆ ఆదివారం కోసం తల్లి గదికి రంగు వేసుకుంది. చిన్న మంచం ఒకటి సంపాదించింది. దాని మీద దుప్పటి పరచడం, తీయడం, మళ్లీ పరచడం.

"ఈగ వాలినా జారిపడేట్టుంది. ఇక వదిలెయ్" అంది పెద్దమ్మ.

"దానికి నచ్చకపోతే?"

"పరీక్ష దుప్పటికి కాదే, నీకు."

అత్త వెంట పిల్ల వచ్చింది. రెండు చేతుల్లో ఒక అట్టపెట్టె. అందులో తన చేతులతో కలిపి చేసిన కేకు, దాని మీద రంగు చక్కెరతో "అమ్మ" అని వంకరటింకర అక్షరాలు.

అత్త గదంతా కలియజూసి, "బాగానే సర్దుకున్నావు వదినా. లోపల బాగా నేర్పినట్టున్నారు" అంది.

తల్లి ఆ ఎత్తిపొడుపు విననట్టే పెట్టె మూత తీసింది. నవ్వుతూనే ఉంది. నవ్వుతూనే చేతులు కేకులోకి దిగాయి. రెండుగా విరిచింది, నాలుగు చేసింది, ఒక్కో ముక్కనూ వేళ్లతో నలిపి చూసి పక్కన పెట్టింది. చక్కెర నేల మీద రాలింది. గుమ్మంలో ఉన్న పెద్దమ్మకు నోరు పెగిలేలోపే అంతా అయిపోయింది.

"అయ్యో వదినా" అంది అత్త. ఈసారి గొంతులో వెటకారం లేదు.

తల్లి తన చేతుల వంక చూసుకుంది. పిల్ల మెట్లు దిగి వెళ్లిపోయింది.

పెద్దమ్మ వెనకే దిగేసరికి, పిల్ల బట్టల మూట మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. పెద్దమ్మ పొట్లంలో మిగిలిన బన్ను తీసి, విరిచి, వేలు గుచ్చింది.

"నువ్వూ అంతేనా?" అంది పిల్ల.

"అంతే. నేనూ అక్కణ్నుంచి వచ్చినదాన్నే."

"ఎందుకలా చేస్తారు?"

"ఏమైనా దాచి పంపుతారేమోనని అక్కడివాళ్లు అన్నీ విరిచి చూస్తారు. చూసి చూసి మన చేతులకూ అంటుకుంటుంది."

"నేనేం దాస్తాను?"

"నువ్వేం దాయవని మీ అమ్మకు తెలుసు. చేతులకు ఇంకా తెలీదు."

"ఎప్పటికి తెలుస్తుంది?"

పెద్దమ్మ తన చేతిలోని ముక్కల వంక చూసింది. అబద్ధమాడే వయసు ఎప్పుడో దాటిపోయింది. "నా చేతులకే ఇంకా తెలీలేదు తల్లీ."

"నీకు పిల్లలు లేరా?"

"కొడుకున్నాడు. ఈ ఊళ్లోనే, బస్సు నడుపుతాడు."

"వస్తాడా?"

"రాడు."

"ఆయన తెచ్చింది ఏం విరిచావు?"

పెద్దమ్మ బల్ల మీద చొక్కా పరిచి నీళ్లు చల్లింది. అరచేత్తో ముడతలు సాపు చేసింది, సాపైన చోటే మళ్లీ మళ్లీ.

సాయంత్రం ఆఫీసరమ్మ ఫోన్లో అడిగితే, పిల్ల అత్త దగ్గరే ఉంటానంది.

తల్లి చిన్న మంచం పక్కన నేల మీద కూర్చుంది. "నేనే పోగొట్టుకున్నాను కదా పెద్దమ్మా."

"ఆ కేకు తిన్నావా?"

"ఏరుకుని తిన్నాను."

"చక్కెర?"

"అదీ."

"ఆ మాట దానికి చెప్పు. ఎందుకలా చేశావో కూడా నీ నోటితోనే చెప్పు. సిగ్గుపడి ఊరుకున్నవాళ్ల గతి చూస్తున్నావుగా" అని పెద్దమ్మ గడ్డంతో తన వైపే చూపించుకుంది.

తల్లి మర్నాడు ఫోన్ చేసి చెప్పింది. అవతల పిల్ల అంతా విని, ఊఁ అని ఫోను పెట్టేసింది.

పిల్ల ఇప్పటికీ అత్త దగ్గరే ఉంటోంది. ఆదివారాలు మాత్రం వచ్చి సాయంత్రం దాకా ఉంటుంది. తినేవేవీ తీసుకురాదు. చిన్న మంచం మీద దుప్పటి అలాగే ఉంది. పెద్దమ్మ ఇస్త్రీ చేసిన బట్టలు భుజాన వేసుకుని, ఎంత దూరమైనా నడిచే వెళ్లి ఇచ్చి వస్తుంది. కొట్టు ముందే బస్సు ఆగుతుంది. దాన్ని నడిపేది ఆమె కొడుకు.