ఇంటి మనిషి గంటకు రేటు

రేట్లు కట్టింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త ఊపిరాడుతుంది.

మా ఆయన బెంగాల్‌లో ఖిదిర్‌పూర్ ఓడల డాక్‌లో కూలిపని మానేసి, ఒక పాత వెల్డింగ్ మిషను కొని, ఇద్దరు పనివాళ్ళతో సొంతంగా కాంట్రాక్టు మొదలుపెట్టాడు. కొత్త గ్రిల్లులూ గేట్లూ కిలో లెక్కన చేసేవాళ్ళం. రిపేర్లకు మాత్రం గంట లెక్క. ఆయనకు చదువు లేదు. నేను ఊళ్ళో ఏడో తరగతి దాకా చదివినదాన్ని కాబట్టి ఆ లెక్క నా చేతికొచ్చింది.

పనివాళ్ళ కూలి, రాడ్లు, మిషను మోసే తోపుడుబండి, టీలు, అన్నీ వేశాను. రోజూ కరెంటు పోయేది. పోయినా పనివాళ్ళకు ఆ గంట ఇచ్చి తీరాలి, లేకపోతే సాయంత్రానికి యూనియన్ వాళ్ళు జెండా పట్టుకుని గుమ్మంలో ఉంటారు. అదీ వేశాను. మా ఆయన గంటకు మాత్రం పైసా వేయలేదు. ఇంటి మనిషికి కూలేమిటి? ఏం మిగిలితే అది తింటాం కదా! అందుకే మా రేటు ఆ వీధిలో అందరికన్నా తక్కువ. ఎక్కడో దూరాన బడ్జ్ బడ్జ్ నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవారు. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని.

కరెంటు ఉన్నంతసేపూ వెల్డింగ్ ఆయనే చేసేవాడు. మళ్ళీ ఎప్పుడు పోతుందోనన్న తొందరలో నల్ల అద్దం పక్కన పడేసి ఉత్త కళ్ళతోనే అంటించేసేవాడు. ఇంటికొచ్చేసరికి కళ్ళు చింతనిప్పులు. బంగాళాదుంప ముక్కలు కోసి రెప్పల మీద పెట్టేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున్న పనికి బయల్దేరుతూ అడిగాడు.

"నన్నూ ఓ కూలోడిలాగ రేటులో ఎయ్యే. ఆ డబ్బుతో వారానికి రెండ్రోజులు ఇంకో మిస్త్రీని ఎట్టుకుంటాను. కళ్ళ మంట ఆగట్లేదు."

"ఓలమ్మో! దొరగారికి కూలి కావాలట! రేటు పెంచితే ఒక్కడైనా మన గుమ్మం తొక్కుతాడేటి?" అన్నాను.

తోపుడుబండి దగ్గరున్న పనివాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. మళ్ళీ ఎన్నడూ అడగలేదు. నా నోరు పడిపోను!

నాలుగేళ్ళకు ఆయనకు చూపు నడిమధ్య నల్లటి మచ్చ పడింది. నా ముఖం వైపు తిరిగితే చెవులు కనిపించేవి, ముఖం కనిపించేది కాదు. ఆ వెల్డింగ్ వెలుగు చేసిన పనేననీ, పోయిన చూపు ఇక రాదనీ డాక్టరు చెప్పాడు.

ఆయన చోట ఒక బెంగాలీ మిస్త్రీని పెట్టుకోక తప్పలేదు. "గంటకు పది రూపాయలు బౌదీ. కరెంటు పోయినా నా గంట గంటే. ఆదివారం రాను" అన్నాడతను, వాళ్ళ భాషలో వదినా అని పిలుస్తూ. అన్నింటికీ తలూపాను. అతని పది రూపాయలూ వేసి రేటు పెంచాను. ఇక షట్టరు దించెయ్యాల్సిందే అనుకున్నాను. "ఏంటి బౌదీ, ఇంత పెంచేశారు?" అని వచ్చినవాళ్ళు రెండు రోజులు గొణిగారు. తర్వాత ఇచ్చారు. ఒక్కరూ మానలేదు. అడిగుంటే అప్పుడూ ఇచ్చేవారే. ఆ రోజు వంటింట్లో కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

ఆయన మాత్రం రోజూ షాపు గుమ్మంలో స్టూలు వేసుకుని మిషను చప్పుడు వింటూ ఉండేవాడు.

"కొత్త మిస్త్రీకి గంటకెంతిత్తన్నావే?" అని ఒకరోజు అడిగాడు.

చెప్పక చెప్పక చెప్పాను. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. ముఖం వెలిగిపోయింది.

"పదేటే! అయితే నా గంటా అంత సేసేదన్నమాట!"

ఆ సంబరం చూడలేక తల తిప్పుకున్నాను. మళ్ళీ ఆయనే అన్నాడు.

"ఆడికి ఆదోరం పని సెప్పకే. కళ్ళు పోతాయి."

"సెప్పను మావా. ఆడు అడగ్గానే సెలవిచ్చేసినాను" అన్నాను.